అడవి బాటను గంటల్లో కొలవాలి
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

పార్కుల్లోని అడవి బాటల్లో నడిచే పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని పలువురు వేర్వేరు మాటల్లో అడిగిన చోట వాటిని కలిపి ఒక్క ప్రశ్నగా చేశాను.

ప్రశ్న: బాట మొదట్లో ఉన్న బోర్డు మీద, చుట్టు తిరిగి రావడానికి 6 కిలోమీటర్లు అని రాసి ఉంది. రోజూ ఉదయం గంటకు 5 కిలోమీటర్ల చొప్పున తేలిగ్గా నడిచే మాకు ఆ 6 కిలోమీటర్లకు మూడున్నర గంటలు పట్టింది. చివరి అరగంట చీకట్లో సెల్‌ఫోను వెలుగుతో దిగాం. బోర్డు తప్పా, మా నడక తప్పా?

జవాబు: రెండూ తప్పు కాదు. దూరాన్ని కాలంగా మార్చుకున్న లెక్కలో ఉంది తప్పు. బోర్డు చెప్పేది బాట పొడవును మాత్రమే. ఆ పొడవులో మీరు ఎంత ఎత్తు ఎక్కాలో అది చెప్పదు. స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: మూడు మైళ్ళ దూరానికి ఒక గంట, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట. ఇప్పటి కొలతల్లో దాన్ని 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు మరో గంట అని స్థూలంగా చెప్పుకుంటారు. మీ బాటలో మొత్తం ఎక్కుడు 450 మీటర్లు ఉందనుకుంటే, దూరానికి 72 నిమిషాలు, ఎత్తుకు 45 నిమిషాలు, వెరసి రెండు గంటలకు మూడు నిమిషాలు తక్కువ. అయితే ఇది ఎక్కడా ఆగకుండా నడిచే అలవాటైన మనిషి లెక్క. కొత్తవారు, పిల్లలతో వెళ్ళేవారు దానికి సగం కలుపుకోవాలి. ఆపైన కూర్చున్న వేళలు, ఫోటోల వేళలు ఉండనే ఉంటాయి. ఆ రకంగా చూస్తే మీ మూడున్నర గంటల్లో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు.

ఎక్కుడు ఎంతో ముందే తెలుసుకోవడానికి పటంలోని కాంటూరు రేఖలను, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలను, లెక్కపెట్టడం ఉత్తమం. రేఖకూ రేఖకూ మధ్య ఎత్తు 20 మీటర్లు అని పటం అంచున రాసి ఉందనుకోండి. మీ బాట మొదట 9 రేఖలు దాటి పైకి వెళ్ళి, ఒక వాగు దగ్గర 5 రేఖలు కిందికి దిగి, మళ్ళీ 14 రేఖలు ఎక్కి శిఖరం చేరుతుంది. బయలుదేరిన చోటికీ శిఖరానికీ ఉన్న తేడా 18 రేఖలు, అంటే 360 మీటర్లే. కానీ మీ పిక్కలు ఎక్కవలసింది 23 రేఖలు, అంటే 460 మీటర్లు. వాగు దగ్గర దిగిన ఆ వంద మీటర్లను ఎవరూ ఊరికే తిరిగి ఇవ్వరు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

చీకటి సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. పంచాంగంలోనో ఫోనులోనో చూసుకున్న సూర్యాస్తమయం ఆరుబయటి ఆకాశానిది. దట్టమైన అడవిలో నేల దాకా చేరే వెలుగు పైన పడే దానిలో నూటికి ఒకటి రెండు వంతులకు మించకపోవచ్చు; పడమట గుట్ట ఉంటే పొద్దు ఇంకా ముందే వాలిపోతుంది. కాబట్టి పొద్దుగూకడానికి గంట ముందు చెట్ల నీడ నుంచి బయటపడేలా లెక్క వేసుకుని, దానికి తగ్గట్టు వెనుదిరిగే వేళను బయలుదేరే ముందే నిర్ణయించుకోవాలి. ఆ వేళకు శిఖరం ఇంకా పావుగంట దూరంలో ఉన్నా వెనక్కి తిరగాలి. ఆ పావుగంట పోను ఒకటి, రాను ఇంకొకటి అవుతుందని ఆ ఉత్సాహంలో ఎవరికీ తట్టదు. పగటి నడకకైనా తలకు కట్టుకునే చిన్న లైటు ఒకటి సంచిలో ఉంచుకోండి. సెల్‌ఫోను వెలుగు ఒక చేతిని కట్టిపడేస్తుంది. పైగా దారి చూపవలసిన పటమూ, సాయం పిలవవలసిన ఫోనూ ఆ ఒక్క బ్యాటరీ మీదే ఆధారపడి ఉంటాయి.

ప్రశ్న: వాన వెలిసిన మర్నాడు బాట నడుమ బురదగా ఉంటే, పక్కన గడ్డి మీదుగా చుట్టి వెళ్ళాం. మాతో వచ్చిన స్నేహితురాలు మాత్రం బురదలోంచే నడవాలని పట్టుబట్టింది. కోరి బూట్లు పాడుచేసుకోవడంలో అర్థం ఉందా?

జవాబు: ఉంది. మీ స్నేహితురాలు చేసిందే సబబు. బాట నడుమ నేల ఎలాగూ తొక్కుడుపడి గట్టిపడిన నేలే. దాని పక్కనున్న మట్టి అలాంటిది కాదు. అందులో గాలీ నీరూ ఆడే సన్నని ఖాళీలు ఉంటాయి, వేళ్ళు శ్వాసించేది వాటి వల్లనే, వాన నీరు ఇంకేది వాటిలోకే. తడిసిన మట్టి మీద అడుగు పడితే ఆ ఖాళీలు మూసుకుపోతాయి, మొక్క చనిపోతుంది, మట్టి బయటపడుతుంది, తరువాతి వానకు అక్కడ కొత్త బురద తయారవుతుంది. మీ వెనక వచ్చినవారు ఆ కొత్త బురదను తప్పించుకోవడానికి ఇంకా పక్కకు జరుగుతారు. ఇలా రెండడుగుల కాలిబాట బండి పట్టేంత వెడల్పు కావడం, లేదా జడపాయల్లా నాలుగు బాటలుగా చీలిపోవడం అడవుల్లో నడిచే వారందరూ చూసినదే.

ఆ బురద ఎందుకు నిలిచిందన్నది మరింత ఆసక్తికరమైన విషయం. కొండవాలులో మంచి బాట వేసేవారు దాన్ని లోయ వైపు కొద్దిగా వాలి ఉండేలా చెక్కుతారు. పైనుంచి వచ్చిన నీరు బాటను అడ్డంగా దాటి కిందికి పోవాలే తప్ప బాట వెంట పరుగెత్తకూడదు. బాట వాలు, ఆ కొండవాలులో సగానికి మించరాదని బాటలు వేసేవారు పాటించే సూత్రం ఒకటి ఉంది. కొండ నూటికి 30 వంతుల వాలులో, అంటే 100 మీటర్ల అడ్డదూరానికి 30 మీటర్లు లేచేలా, ఉంటే బాట 15 లోపే ఉండాలి. అది మించితే నీరు బాటనే తన కాలువగా ఎంచుకుంటుంది. అక్కడక్కడ బాటకు ఏటవాలుగా పాతిన దుంగలు మీరు చూసే ఉంటారు. అవి మెట్లు కావు, నీటిని పక్కకు మళ్ళించే కట్టలు. వాటి కొసలను చుట్టి నడిస్తే నీరు కూడా మన అడుగుజాడల్లోనే వచ్చి, కొస దగ్గర మట్టిని కోసుకుపోతుంది. దుంగను దాటి వెళ్ళాలి, చుట్టి కాదు.

మెలికల బాటల్లో ఒక వంపు నుంచి కింది వంపుకు నిలువునా దిగేవారిది ఇంతకంటే పెద్ద అపరాధం. వారికి మిగిలేది ఒకటి రెండు నిమిషాలు. ఆ నిలువు దారి రెండు వానలకు గండి అవుతుంది, ఆ గండి కింది వంపును తెంపుతుంది, దాన్ని బాగు చేయడానికి పార్కు సిబ్బంది రాళ్ళు మోసుకుంటూ అంత ఎత్తుకు రావలసి వస్తుంది. బురద మడమ దాటి లోతుగా ఉంటే, నా సలహా ఆ రోజుకు వెనక్కి తిరగడమే. తడి నెలల్లో కొన్ని బాటలను మూసివేసే పార్కుల మీద నడకరులు విసుక్కుంటారు గానీ, ఆ విసుగులో న్యాయం లేదు.

ప్రశ్న: చెట్ల మీద వేసిన రంగు గుర్తులు కొంత దూరం తరువాత కనిపించలేదు. నేరుగా ఒకే దిక్కుకు నడిస్తే ఎక్కడో ఒక చోట రోడ్డు తగలదా?

జవాబు: తగలవచ్చు, కానీ నేరుగా నడవగలమన్న నమ్మకమే తప్పు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థలో పనిచేసిన యాన్ సౌమన్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, కొందరిని ఒక విశాలమైన అడవిలోకి పంపి నేరుగా నడవమన్నారు. సూర్యుడు కనిపించినప్పుడు వారు దాదాపు నేరుగానే నడిచారు. మబ్బు పట్టిన రోజున నడిచినవారు మాత్రం గుండ్రంగా తిరిగి, తాము వచ్చిన దారినే తమకు తెలియకుండా అడ్డంగా దాటారు. కళ్ళకు గంతలు కట్టి మైదానంలో నడిపిస్తే ఆ గుండ్రం 20 మీటర్ల వెడల్పుకు కుంచించుకుపోయింది. కాళ్ళ పొడవుల్లో తేడా వల్ల ఇలా జరుగుతుందన్న పాత నమ్మకం నిలవలేదు, ఎందుకంటే ఒకే మనిషి ఒకసారి కుడికి, మరొకసారి ఎడమకు తిరిగాడు. నేరుగా అంటే ఏది అన్న మన అంచనాయే అడుగడుగునా కొద్దికొద్దిగా జారుతుందని వారు తేల్చారు.

కనుక గుర్తు కనిపించని క్షణంలో చేయవలసింది ఆగడం. ఆపైన, చివరిగా చూసిన గుర్తు దగ్గరికి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళడం. పది నిమిషాల నడక వృథా అయిందన్న చిరాకుతో చాలామంది ముందుకే పోతారు. గంటల తరబడి వెతుకులాటలు అక్కడే మొదలవుతాయి. నడుస్తున్నప్పుడే ప్రతి చీలిక దగ్గరా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోండి. పోయేటప్పుడు కుడివైపు కనిపించిన పెద్ద బండ వచ్చేటప్పుడు ఎడమకు ఉంటుంది, అంతేకాదు, దాని ముఖమే వేరుగా ఉంటుంది. ఫోనుకు సిగ్నల్ లేకపోయినా అందులోని జీపీఎస్ ఉపగ్రహాలను అందుకోగలదు, కాబట్టి ఆ ప్రాంతపు పటాన్ని ఇంటి దగ్గరే దింపుకుని ఉంచితే మీరున్న చోటు దాని మీద కనిపిస్తుంది. మెడలో ఒక ఈల ఉండటం మంచిది. గొంతు అరగంటలో బొంగురుపోతుంది, ఈల పోదు. మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదడం చాలా చోట్ల ఆపద సంకేతంగా చెల్లుతుంది. ఆల్ప్స్ పర్వతాల సంప్రదాయంలో నిమిషానికి ఆరుసార్లు పిలుపు, మూడుసార్లు జవాబు. అన్నిటికంటే ముందు, ఏ బాటకు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళండి.

ప్రశ్న: ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప ఏ బాధా లేదు. దిగాక రెండో రోజున తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను. ఇదేమైనా జబ్బా?

జవాబు: జబ్బు కాదు. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, మన బరువును బ్రేకు వేసినట్టు ఆపుతుంది. అలా సాగుతూ మోసే పనిలో కండరపు పోగులు సూక్ష్మంగా చితుకుతాయి. నొప్పి వెంటనే కాక ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, తరువాత దానంతట అదే తగ్గుతుంది. అదే పని కొన్ని వారాల్లో మళ్ళీ చేస్తే నొప్పి చాలా తక్కువగా వస్తుంది. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేసి, మోకాలిని కొద్దిగా వంచి ఉంచండి. రెండు ఊతకర్రలు మోకాళ్ళ మీది బరువును కొంత తగ్గిస్తాయి. దిగుడులో కాలివేళ్ళు బూటు ముందు భాగానికి కొట్టుకుని గోళ్ళు నల్లబడటం మరో బాధ; దిగడం మొదలుపెట్టే ముందు చీలమండ దగ్గర తాడును బిగించి కట్టుకుంటే పాదం ముందుకు జారదు. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారితే మాత్రం ఆలస్యం చేయక వైద్యుణ్ణి చూడాలి.

ప్రశ్న: పండు తొక్కలు మట్టిలో కలిసిపోయేవే కదా, పొదల్లో వేస్తే తప్పేమిటి?

జవాబు: కలిసిపోవడానికి నెలలు పడుతుంది, కొన్ని తొక్కలకు ఇంకా ఎక్కువ. ఈలోగా ఆ వాసనకు జంతువులు బాట పక్కకు రావడం నేర్చుకుంటాయి. తెచ్చిన సంచిలోనే తిరిగి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: ఇంటికి వచ్చాక మా అమ్మాయి మోకాలి వెనక పిడుదు పట్టుకుని ఉండటం చూశాం. అగ్గిపుల్లతో కాలిస్తే ఊడి వస్తుందని ఒకరు, నూనె రాయాలని ఒకరు చెప్పారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. కాల్చినా, నూనె పూసినా అది ఊపిరాడక తన కడుపులోని ద్రవాన్ని గాయంలోకి వదిలే ప్రమాదం ఉంది, మనకు కావలసింది సరిగ్గా దానికి విరుద్ధం. ముళ్ళు తీసే సన్నమొన శ్రావణంతో, పిడుదు పొట్టను కాక, చర్మానికి ఆనుకున్న దాని తల భాగాన్ని పట్టుకుని, మెలితిప్పకుండా నిలువుగా, నిదానంగా పైకి లాగాలి. ఒక క్షణం చర్మం గుడారంలా పైకి లేస్తుంది. తొందరపడక అలాగే పట్టి ఉంచితే పట్టు వదులుతుంది. తరువాత సబ్బుతో కడిగి, తేదీ రాసిపెట్టుకోండి. లైమ్ వ్యాధి వంటివి సాధారణంగా పిడుదు ఒక రోజుకు పైగా పట్టుకుని ఉంటేనే సంక్రమిస్తాయి, కానీ కొన్ని ఇతర జబ్బులకు అంత వ్యవధి అక్కరలేదు. అందువల్ల వచ్చిన రోజే మోకాళ్ళ వెనక, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో వెతకాలి. తరువాతి కొన్ని వారాల్లో జ్వరం గానీ, చుట్టూ విస్తరించే ఎర్రటి మచ్చ గానీ వస్తే ఆ తేదీని చెప్పి వైద్యుణ్ణి కలవండి.

ప్రశ్న: నడుమ దారిలో ఉరుములు మొదలైతే చెట్టు కింద నిలబడవచ్చా?

జవాబు: ఒంటరి చెట్టు కిందా, అన్నిటికంటే ఎత్తైన చెట్టు కిందా నిలబడకూడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టండి; మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది. 30 సెకన్ల లోపు వినబడితే పిడుగు మిమ్మల్ని చేరగల దూరంలోనే ఉంది. గట్టు మీద ఉంటే వెంటనే దిగండి. ఒకే ఎత్తులో గుబురుగా ఉన్న పొట్టి చెట్ల మధ్య, ఒకరికొకరు దూరంగా ఉండండి. నేల మీద పడుకోవద్దు. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి కదలాలి.

ప్రశ్న: తొలి వానకు అడవి బాట మీద వచ్చే ఆ వాసన దేనిది?

జవాబు: ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో దానికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. ఎండు రోజుల్లో మొక్కల నుంచి వెలువడిన నూనెలు రాళ్ళలోకీ మట్టిలోకీ ఇంకి ఉంటాయి. నేలలోని స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వాటికి తోడవుతుంది. చినుకు నేలను తాకినప్పుడు దాని కింద చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి లేచి, చిట్లి, ఆ వాసనలను తుంపరగా ఎగజిమ్ముతుంది. కుండపోతలో కంటే సన్నని జల్లులో ఆ పరిమళం ఎక్కువగా తెలియడం మీరూ గమనించే ఉంటారు. అయితే ఆ పరిమళం వచ్చే వేళకే చెట్ల వేళ్ళ మీద, నున్నటి బండల మీద పలుచని జారుడు పొర కూడా సిద్ధమవుతుంది; బెరడు ఊడి నున్నబడ్డ వేరు మీద ఎప్పుడూ కాలు మోపకండి.

ప్రశ్న: నాకు అరవై ఏళ్ళు దాటాయి. దూరాలు వెళ్ళలేక, దగ్గరి పార్కులో ఒకే రెండు కిలోమీటర్ల అడవి బాటను వారానికి మూడుసార్లు నడుస్తున్నాను. చెట్ల మధ్య నడిస్తే ఆరోగ్యమని చదివాను, అది నిజమేనా? నిజం చెప్పాలంటే ఆ బాట విసుగు పుట్టిస్తోంది.

జవాబు: చెట్ల వల్ల మేలు ఉందనడానికి ఆధారాలు ఉన్నాయి, కానీ వాటిని ఉన్నంతకే చెప్పుకోవడం మంచిది. పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన ప్రసిద్ధమైన పరిశీలన ఒక ఆసుపత్రిలో పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది రికార్డులకు సంబంధించినది. కిటికీ లోంచి చెట్లు కనిపించిన వారు, ఇటుక గోడ కనిపించిన వారికంటే ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువగా వాడారు. జపాన్ అటవీ శాఖ 1982లో షిన్రిన్ యోకు, అంటే అడవి స్నానం, అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది; దాని మీద తరువాత జరిగిన పరిశోధనల్లో చాలా వరకు తక్కువ మందితో, తక్కువ రోజులు చేసినవి. అడవి ఫలానా జబ్బును నయం చేస్తుందని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఎగుడుదిగుడు నేల మీద వారానికి మూడుసార్లు నడవడం ఈ వయసులో కాళ్ళకూ తూలకుండా నిలబడే పట్టుకూ మేలు చేస్తుందనడానికి మాత్రం అడవి స్నానం అన్న పేరు కూడా అక్కరలేదు.

విసుగుకు మందు దూరం పెంచడం కాదు. రెండు కిలోమీటర్లకు ఇప్పుడు మీకు అరగంట పడుతుందనుకుంటాను, దానికి గంటన్నర పెట్టండి. ఒక రోజు బాటను ఎదురు దిశలో నడవండి, మరొక రోజు పొద్దు పొడిచిన వెంటనే వెళ్ళండి. బాట పక్కన పడి ఉన్న దుంగ ఒకటి ఎంచుకుని, వెళ్ళిన ప్రతిసారీ దాన్ని చూడండి. మొదట బెరడు వదులవుతుంది, పగుళ్ళలో నాచు పడుతుంది, వానల్లో అంచుల వెంట పుట్టగొడుగులు మెట్లు మెట్లుగా లేస్తాయి, కొంతకాలానికి చెక్క చేత్తో నలిపితే పొడి అయ్యేంత మెత్తబడి, దాని మీదే ఏదో గింజ మొలుస్తుంది. పక్కన కూర్చునే చోటు ఉంటే తల పైకెత్తి కూడా చూడండి. కొన్ని జాతుల చెట్లు పక్కపక్కనే పెరిగినా వాటి కొమ్మల చివరలు ఒకదాన్నొకటి తాకవు. ఒక్కో చెట్టు గుబురు చుట్టూ ఆకాశం సన్నని చారలా కనిపిస్తూ, ఎండిన చెరువు నేల పగుళ్ళను తలకిందులు చేసినట్టు ఉంటుంది. గాలికి కొమ్మలు రాసుకుని కొసలు విరిగిపోవడం వల్ల అలా అవుతుందని కొందరూ, పక్క చెట్టు ఆకుల నీడను పసిగట్టి చిగురు ఆగిపోతుందని కొందరూ అంటారు. గాలి వీచే రోజున పది నిమిషాలు చూస్తే, మీ బాట మీది చెట్లకు ఆ రెండింటిలో ఏది వర్తిస్తుందో మీరే ఒక అంచనాకు రాగలరు.